నలుగురిలో నోరు పెగలకపోతే... వీఆర్ థెరపీపై మీ ప్రశ్నలు

కళ్లకు హెడ్‌సెట్ తగిలించి, వీఆర్ (వర్చువల్ రియాలిటీ), అంటే కంప్యూటర్ సృష్టించిన బొమ్మ మనుషుల లోకం చూపిస్తూ సోషల్ యాంగ్జైటీకి, అంటే నలుగురిలో మసలాలంటే వేసే భయానికి చేసే చికిత్స గురించి ఈసారి చాలామంది అడిగారు. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఆఫీసు మీటింగులో నా వంతు వస్తోందంటే చాలు, గుండె దడదడలాడుతుంది, నాలుక పిడచకట్టుకుపోతుంది. ముందే రాసుకుని వెళ్లినా రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాను. వీఆర్‌తో ఈ భయం పోతుందని ఒక స్నేహితుడు అన్నాడు. బొమ్మ మనుషుల ముందు మాట్లాడితే అసలు మనుషులంటే భయం ఎలా పోతుందండీ?

జవాబు: అవి బొమ్మలని తెలిసినా భయం వేస్తుంది. ఈ చికిత్స నిలబడింది ఆ ఒక్క విషయం మీదే. లండన్‌లో మెల్ స్లేటర్ బృందం వర్చువల్ శ్రోతల ముందు జనం చేత ప్రసంగాలు చేయించి 2002లో ఫలితాలు ప్రకటించింది. మొహం చిట్లించి, పట్టించుకోకుండా కూర్చున్న బొమ్మ శ్రోతల ముందు, మామూలుగా ధైర్యంగా మాట్లాడగలిగే వాళ్లూ కంగారు పడ్డారు. ఆనాటి బొమ్మలు ఇప్పటివాటితో పోలిస్తే చాలా మొరటువి కూడా.

భయాలకు వీఆర్ వాడకం కొత్తదేమీ కాదు. ఎత్తులంటే భయం మీద బార్బరా రాత్‌బామ్, లారీ హాడ్జెస్ బృందం చేసిన అధ్యయనం 1995లోనే వచ్చింది. సోషల్ యాంగ్జైటీకి వస్తే మూడు పరిశోధనలు చెప్పుకోవాలి. అమెరికాలో పేజ్ ఆండర్సన్ బృందం 2013లో ప్రకటించిన అధ్యయనంలో 97 మంది ఉన్నారు. 8 సెషన్ల వీఆర్ చికిత్స, మనుషుల మధ్య చేసే గ్రూప్ చికిత్స దాదాపు సమానంగా పనిచేశాయి, ఏడాది తర్వాత కూడా మెరుగు నిలిచింది. కెనడాలో స్టెఫాన్ బుషార్ బృందం 2017లో 59 మందితో, వారానికొకటి చొప్పున 14 సెషన్ల చికిత్స చేసి చూసింది. అక్కడ ప్రధాన కొలమానం మీద వీఆరే కాస్త ముందుంది. నెదర్లాండ్స్‌లో ఇజబెల్ కాంప్‌మన్ బృందం 2016లో 60 మందితో చేసిన పనిలో మాత్రం అసలు మనుషులతో చేసిన సాధనే గెలిచింది.

ఈ తేడా ఎందుకొచ్చింది? మూడోదానిలో ఆలోచనల మీద చేసే పనిని కావాలనే పక్కనపెట్టి, వీఆర్ సాధన ఒక్కటే చేయించారు. మొదటి రెండింటిలో వీఆర్ అనేది సీబీటీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్సలో ఒక భాగం. మేం దీన్నుంచి తీసుకునేది ఇదే: హెడ్‌సెట్ మందు కాదు, సాధన చేసే చోటు. ఆ చోట ఏం చేస్తున్నారన్నదాన్ని బట్టే ఫలితం.

ప్రశ్న: నాది ఉత్త బిడియమా, జబ్బా? తెలుసుకోవడం ఎలా?

జవాబు: కొత్తవాళ్ల ముందు మొహమాటపడి, పది నిమిషాలకు సర్దుకుంటే అది బిడియం. భయంతో పనులు మానేస్తుంటే, ప్రమోషన్ వద్దనుకుంటే, ఫోన్ ఎత్తాల్సివస్తే గంట ముందునుంచీ మథనపడుతుంటే, ఇది 6 నెలలు దాటి సాగుతుంటే చూపించుకోవాలి. క్లినిక్కులో సాధారణంగా లీబోవిట్జ్ స్కేలు వాడతారు. అందులో 24 సందర్భాలు ఉంటాయి. ఒక్కోదానికి భయం ఎంత, తప్పించుకోవడం ఎంత అని 0 నుంచి 3 వరకు వేయాలి, మొత్తం 144. 30 దాటితే ఆలోచించాలి, 60 దాటితే భయం చాలా సందర్భాలకు పాకిందని అర్థం. అయితే అంకె చూసి మీకు మీరే పేరు పెట్టుకోకండి. థైరాయిడ్ ఎక్కువైనా దడ, వణుకు, చెమటలు ఉంటాయి.

ప్రశ్న: వచ్చే వారం నా మొదటి అపాయింట్‌మెంట్. సెషన్‌లో అసలేం చేస్తారు? ఎంతసేపు, ఎన్నిసార్లు? వివరంగా చెప్పండి. ముందే తెలిస్తే కాస్త ధైర్యంగా ఉంటుంది.

జవాబు: మొదటి రెండు మూడు వారాలు హెడ్‌సెట్ పెట్టెలోంచి బయటికే రాకపోవచ్చు. నిరాశపడకండి, ఆ వారాలే కీలకం. ఏ సందర్భంలో భయం, అప్పుడు ఏం జరిగిపోతుందని అనుకుంటారు, బయటపడకుండా ఏమేం చేస్తారు అని థెరపిస్టు తవ్వి తీస్తారు. చేతులు వణుకుతాయని గ్లాసును రెండు చేతులతో పట్టుకోవడం, చెమట కనపడకూడదని ముదురు రంగు చొక్కాలే వేసుకోవడం, ప్రతి వాక్యాన్నీ మనసులో ఒకసారి అనుకున్నాకే పైకి అనడం... ఇలాంటివన్నీ రాయిస్తారు. ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి కానీ భయాన్ని పెంచి పోషించేవి ఇవే. ఏమీ జరగకపోయినా ‘గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను కాబట్టి గండం గడిచింది’ అనిపిస్తుంది. భయం తప్పని తేలే అవకాశమే రాదు.

తర్వాత 8 నుంచి 10 మెట్ల జాబితా తయారవుతుంది. ఒక్కో మెట్టుకూ 0 నుంచి 100 లోపు భయం అంకె వేస్తారు. ఉదాహరణకు: ఒక పరిచయస్తుడితో రెండు నిమిషాలు పిచ్చాపాటీ 30, ఆరుగురి ముందు పేరు, ఉద్యోగం చెప్పడం 45, మీటింగులో అడ్డుపడి ప్రశ్న వేయడం 60, ఇరవైమంది ముందు నిలబడి మాట్లాడటం 80, అందులో ఒకరు ఎదురుతిరిగి వాదిస్తే 95. సాధన మొదలుపెట్టేది 40-50 దగ్గర. 20 దగ్గర మొదలుపెడితే నేర్చుకునేది ఉండదు. 90 దగ్గర మొదలుపెడితే మధ్యలో హెడ్‌సెట్ లాగేస్తారు, ఆ తప్పించుకోవడమే మెదడుకు పాఠమవుతుంది.

వీఆర్ ఉండే రోజు సెషన్ దాదాపు గంట. హెడ్‌సెట్ లోపల గడిపేది అందులో 10-20 నిమిషాలే, అదీ ఒకే బిగిన కాదు. మూడు నుంచి ఐదు నిమిషాల సన్నివేశాన్ని మూడు నాలుగుసార్లు చేయిస్తారు.

ప్రతిసారీ ముందుగా ఒక చీటీ రాస్తారు. ఇక్కడే చాలామంది పొరపడతారు. ‘నేను బాగా మాట్లాడలేను’ అని రాస్తే లాభం లేదు. బాగా అంటే ఎంతో ఎవరు తేలుస్తారు? ‘అందరూ నన్ను తక్కువగా చూస్తారు’ అన్నదీ వీఆర్‌లో తేలదు. బొమ్మలు నవ్వేదీ నవ్వనిదీ థెరపిస్టు మీట నొక్కడాన్ని బట్టి ఉంటుంది. మనుషుల గురించి మీ అంచనాలు మనుషుల మధ్యే తేలాలి. వీఆర్‌లో తేలేది మీ గురించి మీరు వేసుకున్న అంచనా. కాబట్టి చీటీ ఇలా ఉండాలి: ‘ముందు వరుసలో ఒకరు ఫోన్ చూసుకుంటూ ఉంటే, వెనక ఎవరో నవ్వితే, నేను వాక్యం మధ్యలో ఆగిపోతాను, 10 సెకన్లలో మళ్లీ మొదలుపెట్టలేను. నమ్మకం 85 శాతం.’

ఇక హెడ్‌సెట్ పెడతారు. ఎదురుగా పొడవాటి బల్ల, చుట్టూ ఆరుగురు. పక్కనే కంప్యూటర్ తెరమీద మీరు చూసేదంతా థెరపిస్టుకూ కనిపిస్తుంది. నిమిషంన్నర గడిచాక ఒకరు ఫోన్ తీస్తారు, వెనకనుంచి చిన్న నవ్వు. మీరు తడబడతారు, ఆగుతారు, మళ్లీ అందుకుంటారు. అందుకోవడానికి పట్టింది నాలుగు సెకన్లు. హెడ్‌సెట్ తీసిన వెంటనే, ఆలోచనల్లో పడకముందే, చీటీ రెండో సగంలో ‘ఏం జరిగింది’ అని రాయిస్తారు, నమ్మకం ఇప్పుడెంత అని అడుగుతారు. 85 కాస్తా 50కి వస్తే రెండోసారి మరో మార్పు: ఈసారి మీరే కావాలని ఐదు సెకన్లు మౌనంగా ఉండాలి. మూడోసారి గది మారుతుంది, జనం పెరుగుతారు.

భయం అంకె సగానికి పడేదాకా లోపలే ఉంచాలని ఒకప్పుడు పట్టుబట్టేవారు. మిషెల్ క్రాస్క్ బృందం 2014లో రాసిన వ్యాసం తర్వాత చాలామంది దృష్టి అంచనా తప్పడం మీదికి మళ్లింది. 70 భయంతోనే ముగించినా, అనుకున్న ఘోరం జరగలేదని తేలితే ఆ రోజు పని అయినట్టే. పోతే, భయం ఎంత ఎంత అని ప్రతి నిమిషం అడిగే థెరపిస్టులు ఉంటారు. మాకది నచ్చదు. అడిగిన ప్రతిసారీ మీరు ఆ గదిలోంచి బయటికొచ్చి పడతారు. మొదట ఒకసారి, చివర ఒకసారి చాలు.

ఇంటికి వెళ్లాక రెండు రోజుల్లోపు అదే మెట్టును అసలు మనుషులతో చేయాలి. ఆ హోంవర్క్ ఇవ్వని వీఆర్ సెషన్‌కు సగమే విలువ. మొత్తం మీద 8 నుంచి 14 వారాలు అనుకోండి.

ప్రశ్న: నాలుగు సెషన్లయ్యాయి. హెడ్‌సెట్‌లో ఇప్పుడు భయమే వేయడం లేదు, హాయిగా ఉపన్యాసాలు దంచేస్తున్నాను. బయట మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. లోపం ఎక్కడుంది?

జవాబు: మీ ఉత్తరంలో మరో వాక్యం ఉంది: భోజన విరామంలో సహోద్యోగుల పక్కన కూర్చోవడమే అన్నిటికన్నా కష్టమని. అదే అసలు సంగతి అయ్యుండవచ్చు. మీ భయం మాటామాటా కలపడం దగ్గర ఉంటే, ప్రసంగాల సన్నివేశం ఎన్నిసార్లు చేసినా దాన్ని తాకదు. దొరికే సాఫ్ట్‌వేర్లలో వేదిక, సభ ఎక్కువ. ముఖాముఖి కబుర్లు తక్కువ, ఎందుకంటే వాటిని తయారుచేయడం కష్టం. బొమ్మ జవాబివ్వడానికి రెండు సెకన్లు ఆలస్యమైతే చాలు, మాయ చెదిరిపోతుంది. అందుకే కొందరు థెరపిస్టులు మైకులో తామే బొమ్మ గొంతు ఇస్తారు. మీ వాళ్లను అడగండి, అప్పటికప్పుడు మాట్లాడే సౌకర్యం ఉందేమో.

రెండో అనుమానం, మీరు లోపల కూడా తప్పించుకుంటున్నారని. శ్రోతల తలల మీదుగా వెనక గోడకేసి చూస్తున్నారా? బట్టీపట్టిన పాఠం అప్పజెబుతున్నారా? కంట్రోలర్‌ను గట్టిగా పట్టుకుని ‘ఇదంతా ఉత్త ఆటేగా’ అని మనసులో అనుకుంటున్నారా? చివరిది అన్నిటికన్నా చెడ్డది, బయటికి కనపడదు కూడా. చూపు ఎటుందో థెరపిస్టు తెరమీద తెలుస్తుంది. ఈసారి ఒక పని పెట్టుకోండి: ఒక్కొక్కరి మొహం మూడేసి సెకన్లు చూడాలి, అయ్యాక ఎవరు ఏ రంగు బట్టలు వేసుకున్నారో చెప్పాలి. దృష్టి మీ దడ మీదినుంచి ఎదుటివాళ్ల మీదికి మళ్లుతుంది. సోషల్ యాంగ్జైటీలో ఇది సగం వైద్యం. అలాగే బట్టీ మానేసి, అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద మాట్లాడండి.

పరికరం వైపునుంచీ చూసుకోవాలి. ముక్కు దగ్గర సందులోంచి గది వెలుతురు వస్తున్నా, పక్కగదిలో మాటలు వినిపిస్తున్నా మనసు లోపల నిలవదు. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు వాడమనండి.

ఇవేవీ కాకపోతే, మీరు వీఆర్‌తో తేల్చుకోవాల్సింది అయిపోయిందని అర్థం. మిగిలిన సెషన్లు బయట పెట్టించుకోండి. భయం లేని సన్నివేశంలో కూర్చుని డబ్బు, సమయం ఖర్చు చేయడం దండగ.

ప్రశ్న: హెడ్‌సెట్ పెట్టుకున్న పది నిమిషాలకే వికారం, తలనొప్పి. నాకు కళ్లజోడు కూడా ఉంది. ఇది నాకు పడనట్టేనా?

జవాబు: అప్పుడే వదిలేయకండి. కదులుతున్నట్టు కళ్లు చెబుతుంటే, కదలడం లేదని లోపలి చెవి చెబితే వికారం వస్తుంది. సోషల్ యాంగ్జైటీ సన్నివేశాలు చాలావరకు కూర్చునో ఒకచోట నిలబడో చేసేవి కాబట్టి ఈ బాధ తక్కువగానే ఉండాలి. జాయ్‌స్టిక్‌తో నడవాల్సిన సన్నివేశమైతే దాన్ని మానేసి, నేరుగా కుర్చీలో ఉండేలా మొదలుపెట్టమనండి. దృశ్యం ఆగి ఆగి కదులుతుంటే కంప్యూటర్ సరిపోవడం లేదన్నమాట. సెకనుకు 72 ఫ్రేములైనా నిలకడగా రావాలి, 90 అయితే మంచిది.

తలనొప్పికి మాత్రం మొదట అనుమానించాల్సింది కంటిపాపల మధ్య దూరం. పెద్దవాళ్లలో సగటున 63 మిల్లీమీటర్లు, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. హెడ్‌సెట్‌లో లెన్సుల దూరం దానికి సరిపోకపోతే అంచులు మసగ్గా కనిపించి కళ్లు లాగుతాయి. మీ దూరం కళ్లజోడు దుకాణంలో కొలిపించుకుని ఆ అంకె థెరపిస్టుకు చెప్పండి. కళ్లజోడుతో పెట్టుకునేటప్పుడు మధ్యలో ఇచ్చే ప్లాస్టిక్ చట్రం తప్పనిసరి, లేకపోతే రెండు అద్దాలూ రాసుకుని గీతలు పడతాయి. పట్టీ బిగింపు బరువును నుదుటిమీద, తల వెనక మోయాలి, చెంపలమీద కాదు.

వికారం మొదలవుతుండగానే ఆపేయాలి, ఓర్చుకుంటే అలవాటవుతుందనుకోవద్దు. తగ్గాక అరగంట దాకా బండి నడపకండి. ఒక చిక్కు ఉంది: వికారం, చెమట, తల తేలిపోవడం భయానికీ లక్షణాలే. కళ్లు మూసుకున్న నిమిషంలో తగ్గితే పరికరం వల్ల వచ్చిందనుకోవచ్చు. సన్నివేశం ఆపేసి ఖాళీ గది చూపించగానే తగ్గితే భయం. మూర్ఛ ఉన్నవారు, మెరిసే వెలుగుకు ఫిట్స్ వచ్చినవారు డాక్టర్ అనుమతి లేకుండా హెడ్‌సెట్ జోలికే పోవద్దు.

ప్రశ్న: ఇంట్లో ఆటలకోసం కొన్న హెడ్‌సెట్ ఉంది. యాప్ వేసుకుని నేనే సొంతంగా చేసుకోవచ్చా?

జవాబు: ప్రసంగమంటే మాత్రమే భయమైతే, మిగతా జీవితం సాఫీగా ఉంటే, చేసుకోవచ్చు. స్టాక్‌హోమ్‌లో ఫిలిప్ లిండ్నర్ బృందం 2019లో ప్రకటించిన అధ్యయనంలో మామూలు జనానికి దొరికే చవక పరికరాలతో, మూడు గంటల ఒకే ఒక్క సెషన్‌తో ప్రసంగ భయం బాగా తగ్గింది. థెరపిస్టు దగ్గర చేసినవాళ్లకే కాదు, ఇంట్లో సొంతంగా చేసినవాళ్లకూ. ఆ తర్వాత నాలుగు వారాలు అసలు జనం మధ్య సాధన చేయించారని మరిచిపోకండి.

పద్ధతి పైన చెప్పిందే: చీటీ, మూడు నాలుగు నిమిషాల సన్నివేశం, మళ్లీ చీటీ. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి 20-30 నిమిషాలు. గొంతెత్తి మాట్లాడాలి, మనసులో కాదు. ఫోన్‌లో గొంతు రికార్డు చేసుకుని మర్నాడు వినండి, అదే రోజు వద్దు. లోపల మీకు యుగంలా అనిపించిన తడబాటు ఎన్ని సెకన్లుందో అప్పుడు గడియారం పెట్టి చూడండి. కుర్చీ చుట్టూ చేతులు చాపినంత మేర ఖాళీ ఉంచండి. లెన్సులను పొడి మెత్తని గుడ్డతోనే తుడవాలి, స్పిరిట్ వద్దు. ఎండ పడేచోట పరికరాన్ని అసలు పెట్టకూడదు, లెన్సుల గుండా ఎండ కేంద్రీకృతమై లోపలి తెర కాలిపోతుంది.

నాలుగు వారాలకు కదలిక లేకపోతే, లేదా దిగులు, నిద్రలేమి, బతకాలనిపించకపోవడం లాంటివి తోడైతే యాప్ పక్కనపెట్టి మనిషి దగ్గరకు వెళ్లండి. చివరిది ఉంటే నాలుగు వారాలు కాదు, ఆ రోజే.

ప్రశ్న: మీటింగుకు ముందు డాక్టర్ రాసిన మాత్ర వేసుకుంటాను. వీఆర్ సెషన్‌కు వెళ్లేముందు కూడా వేసుకోవాలా?

జవాబు: ఏ మాత్రో మీరు రాయలేదు. రోజూ వేసుకునే సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివైతే యథావిధిగా కొనసాగించండి, వాటికీ వీఆర్‌కూ పేచీ లేదు. అప్పటికప్పుడు వేసుకునే ఆల్ప్రజోలం, క్లోనజెపాం జాతివి మాత్రం సాధనను నీరుగారుస్తాయి. భయం పూర్తిగా రాదు, నేర్చుకున్నది సరిగా నిలవదు, గట్టెక్కిన ఘనత మాత్రకు పోతుంది. అలాగని మీ అంతట మీరు ఆపేయవద్దు. ఆల్ప్రజోలం జాతి మాత్రలు రోజూ వేసుకునేవారు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు, డాక్టరే మెల్లగా తగ్గించాలి. ప్రొప్రనలాల్ దడను, వణుకును అణచివేస్తుంది. దడ వస్తే ఏమవుతుందో తెలుసుకోవడమే సెషన్ ఉద్దేశమైనప్పుడు దాన్ని వేసుకుని రావడంలో అర్థం లేదు. ఉబ్బసం ఉంటే అది ఎలాగూ వాడకూడదు.

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, బడిలో పెదవి విప్పదు. వీఆర్ పనికొస్తుందా?

జవాబు: వద్దమ్మా. హెడ్‌సెట్లు ఆ వయసు పిల్లలకోసం తయారైనవి కావు. చాలా కంపెనీలు 13 ఏళ్లు అంటాయి, కొన్ని 10కి తగ్గించాయి. పైగా మీరు రాసినది సెలెక్టివ్ మ్యూటిజంలా, అంటే కొన్నిచోట్ల మాత్రమే మాట పెగలని స్థితిలా ఉంది, దాని దారి వేరు. ఖాళీ తరగతిగదిలో ముందు మీరూ పాపా మాట్లాడుకోవడం, తర్వాత టీచర్ దూరంగా వచ్చి కూర్చోవడం, మెల్లగా దగ్గరకు జరగడం, ఇలా సాగుతుంది. పిల్లల సైకాలజిస్టును కలవండి. ఈలోగా ‘మాట్లాడు, మాట్లాడు’ అని నలుగురిలో ఒత్తిడి పెట్టకండి.

ప్రశ్న: వీఆర్ థెరపీ అని బోర్డు పెట్టినవాళ్లలో ఎవరిని నమ్మాలి?

జవాబు: ఫోన్‌లోనే నాలుగు విషయాలు అడగండి. సీబీటీలో శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టో సైకియాట్రిస్టో సెషన్‌లో పక్కనే ఉంటారా, లేక హెడ్‌సెట్ తగిలించి సహాయకుడు వెళ్లిపోతాడా? నా భయానికి సరిపోయే సన్నివేశం మీ దగ్గర ఉందా? బయట చేయాల్సిన సాధన ఇస్తారా? మొదట, మధ్యలో, చివర స్కేలు మీద కొలుస్తారా? మూడో ప్రశ్నకు ‘అవసరం లేదండీ, వీఆరే చాలు’ అంటే ఇంకొకరిని చూసుకోండి. ఇన్ని రోజుల్లో గ్యారంటీ అన్నా అంతే.

ఒకటి చాలామంది అడగరు. కొన్ని హెడ్‌సెట్లు చూపు ఎటుందో, తల ఎలా కదిలిందో, గొంతు ఎలా ఉందో రికార్డు చేస్తాయి. అది ఎవరి సర్వర్లో ఉంటుంది, ఎన్నాళ్లుంటుంది, అడిగితే చెరిపేస్తారా అన్నది సంతకం పెట్టే అంగీకార పత్రంలోనే ఉండాలి. లేకపోతే రాయించుకున్నాకే సంతకం పెట్టండి.